కుండీ మొక్కకు ఒక నోటు పుస్తకం

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్తే ఆయన మొదట అడిగే మాట, "ఎన్నాళ్ల నుండి?" ఆ తరువాత, "ఏమైనా మందు వాడారా?" ఈ రెండింటికీ సరైన జవాబు లేకపోతే ఎంత అనుభవమున్న డాక్టరుకైనా కష్టమే. ఇంట్లో పెంచుకునే మొక్కల విషయంలోనూ ఇది నిజమని, ఒక మొక్కను పోగొట్టుకున్న తరువాత గాని మేము తెలుసుకోలేదు.

అది అమ్మ నాటిన మనీ ప్లాంటు. ఆమె పోయాక ఆమె చేతి మొక్క మా ఇంట్లో అదొక్కటే మిగిలింది. ఒక వర్షాకాలంలో దాని ఆకులు పసుపు రంగుకు తిరిగి వాలిపోయాయి. నీరు చాలలేదనుకొని ఇంకా పోశాము. పొరుగువారు చెప్పారని చెంచాడు యూరియా వేశాము. ఎండ తగలడం లేదేమోనని బయట పెట్టాము. ఆ వారంలోనే వేపనూనె కూడా చల్లాము. నెల తిరగకముందే మొక్క చనిపోయింది. దేనివలన పోయిందో ఎవరమూ చెప్పలేకపోయాము. ఏ పని ఏ రోజు చేశామో కూడా గుర్తు లేదు.

సంతోషమేమిటంటే, అంతకు ముందే తుంచి గాజు సీసాలో నీళ్లలో పెట్టిన తీగ ముక్క ఒకటి వేళ్లు తొడిగి ఉంది. దానిని వేరే కుండీలో నాటాము. రెండు నెలలకు దాని అడుగు ఆకు కూడా పసుపు రంగుకు తిరిగింది. ఈసారి నీళ్ల చెంబు కంటే ముందు పెన్ను పట్టుకున్నాము.

ఏమి వ్రాయాలి?

పిల్లల పాత నోటు పుస్తకం చాలు. ఒక్కొక్క మొక్కకు ఒక పేజీ కేటాయించి ఐదు గడులు గీయండి: తేదీ, కనిపించిన గుర్తు, మట్టి తడి, మనము చేసినది, తరువాత జరిగినది.

గుర్తును వివరంగా వ్రాయాలి. "ఆకులు బాగా లేవు" అంటే ఏమీ తెలియదు. మట్టి ఎప్పుడూ తడిగా ఉండి అడుగు ఆకులు పసుపుగా మారితే నీరు ఎక్కువైందేమో చూడాలి. మట్టి సరిగానే ఉండి ముదురు ఆకులు ముందుగా పాలిపోతూ, ఎదుగుదల మందగిస్తే నత్రజని లోపం కావచ్చు. లేత ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము లోపాన్ని అనుమానించాలి. ఆకుపై సన్నని చుక్కలు, అడుగున సాలెగూడు వంటి దారాలు ఉంటే ఎర్రనల్లి. కణుపుల దగ్గర దూది వంటి తెల్లని ముద్దలుంటే పిండినల్లి.

ఒకసారి ఒకే మార్పు చేయండి. నాలుగు పనులు ఒకేసారి చేస్తే మేలు చేసినదేదో, కీడు చేసినదేదో తెలియదు. వేపనూనె చల్లితే ఆ తేదీ, కొలత వ్రాయండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కొద్దిగా సబ్బు నీరు సరిపోతాయి. మిగిలిన గుడ్ల నుండి మళ్లీ పురుగులు వస్తాయి గనుక వారం తరువాత మరల చల్లాలి. తేదీ వ్రాసి ఉంటేనే ఆ వారం తప్పిపోదు.

పుస్తకం చెప్పిన సంగతి

నీళ్లు పోసిన వారే వ్రాయాలని మా ఇంట్లో నియమం పెట్టుకున్నాము. పది రోజుల తరువాత పేజీ చూస్తే ఆశ్చర్యం వేసింది. ఉదయం పోసినట్లు పెద్దవారి వ్రాత, సాయంత్రం బడి నుండి వచ్చి పోసినట్లు పిల్లవాడి వ్రాత! ఒకరు పోస్తున్నట్లు మరొకరికి తెలియదు. మట్టి గడిలో మాత్రం ప్రతిరోజూ "తడి" అనే ఉంది.

వేళ్లకు కూడా గాలి కావాలి. మట్టిలో నీరు నిలిస్తే అవి కుళ్లిపోతాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు గనుక ఆకు దాహంతో ఉన్నట్లే వాలిపోతుంది. అది చూసి మనము ఇంకా పోస్తాము. మా ప్రేమే మొక్కకు బరువైంది.

నీటి పని పిల్లవాడికే అప్పగించాము. వేలు ఒక కణుపు లోతు గుచ్చి, పొడిగా ఉంటేనే పోయాలి. పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయాలి. మూడు వారాలలో కొత్తగా ఏ ఆకూ పసుపు రంగుకు తిరగలేదు. తరువాతి నెలలో చిన్న చిగురు వచ్చింది. ఆ తేదీని పిల్లవాడు ఎర్ర సిరాతో వ్రాశాడు.

అమ్మ మొక్క కూడా ఇలాగే పోయిందా? కావచ్చు. ఖచ్చితంగా చెప్పలేము, ఎందుకంటే దానికి మేము ఒక పేజీ కూడా వ్రాయలేదు. మీ ఇంట్లో ఏ మొక్కయినా వాడి ఉంటే, మందు కొనడానికి వెళ్లే ముందు ఈ రోజు తేదీ వేసి, మీకు కనిపించినది ఒక్క వాక్యం వ్రాయండి.