గూగుల్ సెర్చ్: పోటీ సైట్ పైన.. మీ సైట్ ఎక్కడో కింద? ‘నంబర్ వన్ గ్యారంటీ’కి డబ్బులు కట్టేముందు ఇది చదవండి!

‘మీ వెబ్‌సైట్‌ను నెల రోజుల్లో గూగుల్‌లో నంబర్ వన్ చేస్తాం.. గ్యారంటీ!’ సొంతంగా వెబ్‌సైట్ పెట్టుకున్న చిన్న వ్యాపారులకు ఇలాంటి కాల్స్, వాట్సాప్ మెసేజ్‌లు కొత్తేం కాదు. పోటీ షాపు సైట్ మొదటి పేజీలో కనిపిస్తూ, మన సైట్ ఎంత వెతికినా దొరక్కపోతే ఎవరికైనా కంగారే. ఆ కంగారులోనే చాలామంది డబ్బులు కట్టేస్తుంటారు. కానీ నంబర్ వన్ స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే స్పష్టంగా చెబుతోంది. మరి ర్యాంక్ ఎలా వస్తుంది? పోటీ సైట్‌ను దాటాలంటే ఏం చేయాలి?

గూగుల్ దేన్ని చూస్తుంది?

గూగుల్ పని మూడు దశల్లో జరుగుతుంది. ముందు దాని ప్రోగ్రామ్‌లు వెబ్ పేజీలను వెతుక్కుంటూ వెళ్లి చదువుతాయి. తర్వాత వాటి వివరాలు ఇండెక్స్‌లో చేరతాయి. ఎవరైనా సెర్చ్ చేసినప్పుడు ఆ ప్రశ్నకు బాగా సరిపోయే పేజీలు వరుసగా కనిపిస్తాయి. వేరే సైట్లు మీ పేజీకి లింక్ ఇస్తే అది ఒక రకంగా ఓటు లాంటిది. 1998లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ మొదలుపెట్టిన గూగుల్‌కు పునాది ఈ ఆలోచనే. ఇంకో విషయం.. యాడ్స్‌కు డబ్బులు కడితే యాడ్ కనిపిస్తుంది అంతే. మామూలు ర్యాంక్ మాత్రం పెరగదు.

దొంగ ఓట్లు వేయిస్తే ఏమవుతుంది?

అమెరికాలోని పెద్ద రిటైల్ సంస్థ జేసీ పెన్నీ కథే దీనికి ఉదాహరణ. బట్టలు, దుప్పట్లు, ఫర్నిచర్.. ఏది వెతికినా ఆ సైటే ముందు వచ్చేది. సంబంధం లేని వందలాది సైట్లలో దాని లింకులు ఉన్నాయని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. గూగుల్ చర్య తీసుకోవడంతో ఒక బ్రాండ్ లగేజ్ సెర్చ్‌లో మొదటి స్థానంలో ఉన్న సైట్ రెండు గంటల్లోనే 71వ స్థానానికి పడిపోయింది. ఆ లింకుల సంగతి తమకు తెలియదని కంపెనీ చెప్పింది. తమ ఎస్ఈవో సంస్థను కూడా తొలగించింది. అయినా అప్పటికి ర్యాంక్ పోయింది. అంతకుముందు 2006లో జర్మనీ బీఎండబ్ల్యూ సైట్‌ను కూడా సెర్చ్ ఇంజిన్‌ను మోసం చేసే పేజీలు పెట్టిందని గూగుల్ కొన్నాళ్లు తీసేసింది. అంటే ఏజెన్సీ అడ్డదారి తొక్కినా మునిగేది మీ సైటే!

ముందు ఈ చెక్ చేసుకోండి

అసలు మీ సైట్ గూగుల్ ఇండెక్స్‌లో ఉందా? సెర్చ్ బాక్స్‌లో ‘సైట్’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, కోలన్ గుర్తు పెట్టి, స్పేస్ ఇవ్వకుండా మీ వెబ్ అడ్రస్ రాయండి. మీ పేజీలు కనిపిస్తే సరే. ఒక్కటీ రాకపోతే సమస్య పోటీ కాదు.. గూగుల్‌కు మీ సైట్ గురించి తెలియకపోయి ఉండొచ్చు. గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే ఉచిత టూల్‌లో సైట్‌ను యాడ్ చేస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. జనం ఏ పదాలు టైప్ చేస్తే మీ సైట్ కనిపిస్తోంది, ఎంతమంది క్లిక్ చేస్తున్నారు అనేది కూడా అందులో ఉంటుంది.

పోటీ సైట్‌ను చదవండి.. కాపీ కొట్టొద్దు

ఉదాహరణకు మీరు ఆత్రేయపురం పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారనుకుందాం. ‘మా పూతరేకులు రుచికరమైనవి, నాణ్యమైనవి’ అని రాస్తే లాభం లేదు. అందరూ అదే రాస్తారు. కొనేవాళ్ల డౌట్లు వేరే ఉంటాయి. బెల్లంతో చేశారా, పంచదారతోనా? బాక్సులో ఎన్ని ఉంటాయి? ఎన్ని రోజులు నిల్వ ఉంటాయి? హైదరాబాద్‌కు ఎన్ని రోజుల్లో వస్తాయి? దారిలో విరిగిపోతే ఏంటి?

మొదటి పేజీలో ఉన్న సైట్లు వీటిలో దేనికి జవాబిచ్చాయి, దేన్ని వదిలేశాయి అని రాసుకోండి. వాళ్లు వదిలేసిన చోటే మీకు ఛాన్స్. మీరు తీసిన ఫొటోలు, అసలు ధర, డెలివరీ వివరాలు పెట్టండి. పేజీ టైటిల్‌లో ఏం అమ్ముతున్నారో, ఏ ఊరో సూటిగా ఉండాలి. కొందరు తెలుగులో, కొందరు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు పదాలు టైప్ చేస్తారు కాబట్టి రెండూ సహజంగా వచ్చేలా రాయండి. అలాగని ఒకే పదాన్ని యాభైసార్లు ఇరికిస్తే గూగుల్ దాన్ని స్పామ్‌గా చూస్తుంది.

ఫోన్‌లో ఎలా ఉంది?

గూగుల్ ఇప్పుడు సైట్ మొబైల్ వెర్షన్‌నే ప్రధానంగా చూస్తుంది. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలనేది గూగుల్ సూచన. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత టూల్‌తో ఇది తెలుసుకోవచ్చు. చిన్న సైట్లలో తరచూ కనిపించే తప్పు.. కెమెరాలో తీసిన పెద్ద ఫొటోలను సైజ్ తగ్గించకుండా అలాగే పెట్టేయడం!

షాపు కూడా ఉంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తప్పనిసరిగా పెట్టుకోండి. ఇది కూడా ఫ్రీనే. అడ్రస్, ఫోన్ నంబర్, టైమింగ్స్ కరెక్ట్‌గా ఉండాలి. కస్టమర్లను రివ్యూ రాయమని అడగొచ్చు. కానీ డబ్బులిచ్చి రాయించుకోవడం రూల్స్‌కు విరుద్ధం.

ఏజెన్సీకి ఇచ్చేముందు..

ఎస్ఈవో చేసేవాళ్లంతా మోసగాళ్లు కాదు. మంచి నిపుణులు టైమ్ ఆదా చేస్తారు. అయితే మూడు ప్రశ్నలు అడగండి. సైట్‌లో ఏమేం మారుస్తారు? లింకులు ఎక్కడి నుంచి తెస్తారు? ప్రతి మార్పునూ రాతపూర్వకంగా చూపిస్తారా? డొమైన్, సెర్చ్ కన్సోల్ అకౌంట్లు మాత్రం మీ పేరు మీదే ఉండాలి. లేకపోతే రేపు గొడవ వస్తే మీ సైట్ మీ చేతిలో ఉండదు.

చేసిన మార్పులు కొన్ని గంటల్లో కనిపించవచ్చు, కొన్నింటికి నెలలు పట్టొచ్చు. కాబట్టి రోజూ ర్యాంక్ చూసుకుని టెన్షన్ పడొద్దు. ఈరోజే ఓ పని చేయండి. కస్టమర్లు మీకు ఫోన్ చేసి పదే పదే అడిగే పది ప్రశ్నలు కాగితంపై రాయండి. వాటికి మీ సైట్‌లో జవాబులు ఉన్నాయా? లేకపోతే ర్యాంక్ పని అక్కడి నుంచే మొదలుపెట్టాలి.