చూడదగిన నీటిగోపురములు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములవారికి నీటివిలువను ఒకరు బోధింపనక్కరలేదు. జీవనది యొక్కటియు లేని ఈ మెట్టసీమ వానను, చెరువును, బావిని నమ్ముకొని బ్రదికినది. బ్రతుకుతెరువునకై ఇచ్చటినుండి కువైటునకు పోయినవా రనేకులు. వారు అచ్చట చూచిన యొక నిర్మాణమునుండి మన పురపాలకసంఘములు నేర్వవలసినది కలదు.

కువైటునందును నదులు లేవు. చమురుసంపద రాకపూర్వము షట్-అల్-అరబ్ నదీజలము పడవలపై వచ్చెడిది. పిదప సముద్రజలమునే మంచినీరుగా మార్చి, ఎత్తైన తొట్లలో నిలువచేసిరి. 1979లో ప్రజలకు తెరవబడిన కువైట్ గోపురములు మూడు. పెద్దది 187 మీటర్ల యెత్తు. దాని పెద్దగోళమున క్రిందిసగము 45 లక్షల లీటర్ల నీరు, పైసగము భోజనశాల. అంతకు పైన, 123 మీటర్లయెత్తున, మెల్లగా తిరుగు వీక్షణశాల. రెండవ గోపురము నీటికే, మూడవది దీపసామగ్రికి. 1990నాటి ఇరాకు ఆక్రమణమున ఇవి దెబ్బతినగా, యుద్ధానంతరము బాగుచేసి మరల తెరచిరి.

ఈ యాలోచన అంతకుముందే స్వీడనున ఫలించినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1958లో, ఎరెబ్రూ పట్టణమున 58 మీటర్ల పుట్టగొడుగువంటి నీటిగోపురమును కట్టి, దాని శిరస్సున ఉపాహారశాలను, వీక్షణస్థలమును ఏర్పరచిరి. దాని శిల్పియైన సూనె లిండ్‌స్ట్రోమ్ గారే కువైట్ గోపురముల రూపకల్పనయందును పాల్గొనిరి.

మన ట్యాంకులకును శాస్త్ర మొకటియే: ఎత్తునకు ఎక్కించిన నీరు తన బరువుచేతనే కుళాయిలకు దిగును. ఐనను కంచెవెనుకనుండు ట్యాంకు ప్రజలకు పరాయిసొత్తుగనే తోచుచున్నది. హార్స్లీకొండ యెక్కినచో సీమ యందము కనబడును. ఊరినీటి రాకపోకలు కనబడవు.

వ్యయము, అపాయము, నీటిశుభ్రత యనెడి ఆక్షేపణలు సహేతుకములే. కావున ప్రతి ట్యాంకునకు అక్కరలేదు. క్రొత్తగా కట్టునపుడు ఊరికొక్కదానికి, నీటితొట్టితో సంబంధములేని మెట్లును, గట్టి చుట్టుగోడయు చాలును.

శ్రీశైలమునుండి మెట్టుమెట్టుగా ఎత్తిపోయబడి 2025లో కృష్ణాజలము కుప్పమును చేరినది. అంత వ్యయముతో వచ్చిన నీటిని కాపాడవలసినవారు అధికారులు మాత్రమే కారు. పైనుండి చూచువానికి ఆక్రమింపబడిన చెరువును, పూడిన కాలువను ఎవరును దాచజాలరు.

చెరువు నిండి మొరవ పారినపుడు ఊరెల్ల కట్టపై చేరి చూచుట మన పూర్వాచారము. ఆ చూపులోనే కాపలాయు నుండెడిది. కుళాయి వచ్చినతోడనే కట్ట మరుగైనది. నీరు ఎచ్చట నిలిచినను, ప్రజలు నిలిచి చూచుటకు అచ్చట నింత చోటు విడుచుట పురపాలకుల విధి.