పాటకు ముందు మాట

మా చదువు కేంద్రంలో ఒక సాయంత్రం రేడియో పెట్టాం. ఒక పాట వచ్చింది. పాట అయ్యాక ఒకావిడ మాట్లాడారు. అది ఏ సినిమాలోదో చెప్పారు. ఎవరు రాశారో, ఎవరు పాడారో చెప్పారు. తరువాత ఇంకో పాట వేశారు.

మా కేంద్రానికి వచ్చే ఒక అప్ప పుస్తకం పక్కన పెట్టేసింది.

"ఏటమ్మా, ఆవిడకి ఇన్ని సంగతులు ఎలాగ గుర్తుంటాయి? కాయితం సూసి సదువుతాదేటి?" అని అడిగింది.

అవును, చాలామంది కాగితం చూసే చెబుతారు. కానీ చదివినట్టు ఉండకూడదు. మనతో మాట్లాడినట్టు ఉండాలి. ఆ పనిలో కష్టమంతా అదే.

అలా మాట్లాడే వారిని అనౌన్సర్ అంటారు. వ్యాఖ్యాత అని కూడా అంటారు. వినేది అరగంటే అయినా, దాని వెనక చాలా పని ఉంటుంది. ముందు పాటలు ఏరుకోవాలి. ఒక్కో పాట ఎంతసేపు ఉందో రాసుకోవాలి. ఆ తరువాత లెక్క కట్టాలి.

మనమూ ఒక లెక్క కడదాం. కార్యక్రమం 30 నిమిషాలు. ఐదు సినిమా పాటలు, ఒక్కోటి మూడున్నర నిమిషాలు. అంటే పదిహేడున్నర నిమిషాలు. ఒక త్యాగరాజ కీర్తన 8 నిమిషాలు. మొత్తం ఇరవై ఐదున్నర. ఇక మాటకు మిగిలింది నాలుగున్నర నిమిషాలే. ఆరు పాటలకు పంచితే ఒక్కోదానికి 45 సెకన్లు! నమస్కారం, సెలవు కూడా అందులోనే సరిపెట్టాలి. అందుకే ముందుగా రాసుకుంటారు. గడియారం చూసుకుంటూ ఒకసారి చదువుకుంటారు. ఎక్కువైతే కొట్టేస్తారు.

మాట్లాడే గదిని స్టూడియో అంటారు. బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలు, తలుపులు కడతారు. ఎర్ర దీపం వెలిగిందంటే మైకు పనిచేస్తోందని గుర్తు. అప్పుడు దగ్గినా, కాగితం తిప్పినా ఊరంతా వింటుంది. చేతి గాజుల చప్పుడు కూడా మైకు పట్టేస్తుంది.

రేడియోలో రెండు రకాల పాటలు వింటాం. ఒకటి శాస్త్రీయ సంగీతం. అంటే కీర్తనలు, వీణ, వయొలిన్ కచేరీలు. రెండోది సినిమా పాటలు. ఈ రెండింటికీ ఒకప్పుడు పెద్ద తగవే వచ్చింది. 1952లో బి.వి. కేస్కర్ గారు కేంద్రంలో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యారు. సినిమా పాటలంటే ఆయనకు చిన్నచూపు. శాస్త్రీయ సంగీతమే జనానికి వినిపించాలన్నారు. ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు ఆగిపోయాయి. జనం ఊరుకున్నారా? రేడియో మీట తిప్పి సిలోన్ పట్టుకున్నారు. సిలోన్ అంటే ఇప్పటి శ్రీలంక. తరువాత కాలంలో అక్కడి నుంచి మీనాక్షి పొన్నుదురై గారు తెలుగు పాటలు వేసేవారు. ఆవిడ గొంతును మన పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఇటు ఆకాశవాణి కూడా 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలుపెట్టింది. సినిమా పాట మళ్లీ వచ్చింది.

నన్నడిగితే ఆ తగవే అనవసరం. మన విజయనగరాన్నే చూడండి. ఇక్కడ 1919లో మహారాజు సంగీత పాఠశాల పెట్టారు. హరికథల ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి అధ్యక్షులు. వయొలిన్ వాయించే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే పాఠం చెప్పారు. ఘంటసాల గారు ఈ ఊరికే వచ్చి, ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకొని తింటూ సంగీతం నేర్చుకున్నారు. పి. సుశీల గారు పుట్టిందీ, చదివిందీ విజయనగరమే. ఇద్దరూ నేర్చింది శాస్త్రీయ సంగీతం. ఇద్దరూ పేరు తెచ్చుకున్నది సినిమా పాటతో.

మంచి అనౌన్సర్ ఈ చుట్టరికాన్ని చూపిస్తారు. ఒక ఉదాహరణ చెబుతాను. మోహన అని ఒక రాగం ఉంది. ఏడు స్వరాల్లో ఇందులో మ, ని ఉండవు. స రి గ ప ద, ఈ ఐదే. దీని గురించి ఒకరు ఇలా అనొచ్చు: "తదుపరి గీతం మోహన రాగాధారితం." వినేవాళ్లకు ఏం తెలిసింది? ఏమీ లేదు.

ఇంకొకరు ఇలా అనొచ్చు: "1957లో వచ్చిన మాయాబజార్‌లో వెన్నెల్లో పడవ పాట గుర్తుందా? ఘంటసాల, పి. లీల పాడారు. అది మోహన రాగం. ముందు ఆ పాట వినండి. తరువాత అదే రాగం వీణ మీద వినిపిస్తాను. పోలిక మీరే పట్టుకోండి."

ఇప్పుడు వీణ వచ్చినా మీరు రేడియో కట్టెయ్యరు. పోలిక కోసం చెవి పెడతారు.

నేనూ ఒకసారి ఈ పనికి వెళ్లాను. ఒక రేడియో కేంద్రంలో గొంతు పరీక్ష పెట్టారు. కాగితం ఇచ్చారు. తప్పు లేకుండా చదివాను. ఎక్కడ మన యాస వచ్చేస్తుందోనని నోరు బిగబట్టి చదివాను. పరీక్ష పెట్టిన పెద్దాయన, "అమ్మా, నువ్వు పాఠం చదువుతున్నావు. నాకేం చెప్పడం లేదు" అన్నారు. నేను తప్పాను. బస్సులో ఏడ్చాను కూడా. తరువాత ఆలోచిస్తే ఆయన మాట సరైనదే. ఎదురుగా ఒక్క మనిషి కూర్చున్నట్టు అనుకోవాలట. వేలమందికి కాదు, ఆ ఒక్క మనిషికి చెప్పాలట.

యాస గురించి మాత్రం నా భయం అనవసరం. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర మాచనూరు అని ఒక ఊరు ఉంది. అక్కడ 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. నడిపింది ఆ చుట్టుపక్కల దళిత మహిళలు. పొలం పని చేసుకొనే ఆడవాళ్లే యంత్రాలు నేర్చుకున్నారు. మైకు ముందు తమ ఊరి మాటే మాట్లాడారు. ముసలమ్మల దగ్గరకు వెళ్లి పాటలు రికార్డు చేసుకొచ్చారు. నాటు పాటలు, పండగ పాటలు వినిపించారు. పాట పాడినావిడ తన గొంతు తానే రేడియోలో విన్నదన్నమాట!

ఈ సంగతి మా అప్పకు చెప్పాను. నమ్మలేదు. "పొలం పనోళ్లేనా?" అని రెండుసార్లు అడిగింది.

ఆ రాత్రి మేము ఒక ఆట ఆడాం. ఒకరు పాట పాడాలి. ఇంకొకరు ముందు మాట రాసి చెప్పాలి. గరిటె పట్టుకొని మైకు అనుకున్నాం. అప్ప పెన్సిల్ తీసుకొని చాలాసేపు రాసింది. ఇదిగో, ఆమె రాసింది ఇదే. ఒక్క వత్తు మాత్రం నేను దిద్దాను.

"ఇది మా అమ్మ పాట. ఊడుపుల్లో పాడేది. అమ్మ పోయి పదేళ్లయింది. నాకు సగమే వచ్చు. మిగతా సగం ఎవరికైనా వస్తే చెప్పండి."

వెనక వరసలోంచి ఒక ముసలమ్మ, "నాకొచ్చునే" అంది.