ఒకే దుంప, వేరు వేరు నేలలు

బంగాళాదుంపకు ఎకరానికి 75 కిలోల నత్రజని, 25 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ వెయ్యమని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సు. నీలగిరి కొండల్లో ఇదే పంటకు తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే లెక్క హెక్టారుకు 120, 240, 120 కిలోలు. ఎకరాల్లోకి మారిస్తే సుమారు 49, 97, 49. అంటే పంజాబ్ కన్నా కొండల్లో నత్రజని తక్కువ, పొటాష్ దాదాపు రెట్టింపు, భాస్వరం దాదాపు నాలుగు రెట్లు. దుంప అదే, దాని ఆకలీ ఇంచుమించు అదే. తేడా ప్రధానంగా మట్టిలో ఉంది.

ఢిల్లీ ద్వారకలో స్థిరపడి, మిద్దె మీదో బాల్కనీ సంచుల్లోనో నాలుగు దుంపలు పండించుకోవాలనుకునే తెలుగువాళ్ళు ముందుగా పట్టించుకోవాల్సిన సంగతి ఇదే. మొక్కల పెంపకంలో మనకు తెలిసినవన్నీ ఊరి నుంచి తెచ్చుకున్న అలవాట్లు. పొయ్యి బూడిద చల్లడం, కాస్త సున్నం కలపడం, పచ్చి పేడ వెయ్యడం అలాంటివే. పులుపెక్కిన ఎర్రమట్టిలో బూడిద, సున్నం మేలు చేస్తాయి. ద్వారక మట్టిలో అవే కీడు చేస్తాయి. ఎందుకో తెలియాలంటే మొక్క ఏం అడుగుతుందో, మట్టి ఏం పట్టి ఉంచుతుందో రెండూ చూడాలి.

దుంప అడిగేది ఎంత?

హెక్టారుకు 25 నుంచి 30 టన్నుల దిగుబడి ఇచ్చే పంట నేల నుంచి సుమారు 120–140 కిలోల నత్రజని, 25–30 కిలోల భాస్వరం, 170–230 కిలోల పొటాష్ తీసుకుంటుంది. (ఇక్కడ భాస్వరం, పొటాష్ అంకెలన్నీ ఎరువుల సంచుల మీద ఉండే ఆక్సైడ్ లెక్కలోనివే.) అన్నింటికన్నా ఎక్కువగా తీసుకునేది పొటాష్. ఆకుల్లో తయారైన చక్కెర దుంపలోకి చేరి పిండిపదార్థంగా మారడానికి పొటాషియం కావాలి.

నత్రజని ఆకును పెంచుతుంది. అది మితిమీరితే మొక్క తీగలా పెరుగుతూనే ఉంటుంది, దుంప ఊరడం ఆలస్యమవుతుంది. ఢిల్లీలో ఈ ఆలస్యం చాలా నష్టం చేస్తుంది. దుంప ఊరడానికి చల్లని రాత్రులు కావాలి. అక్టోబరు నడుమ నాటిన మొక్కకు ఫిబ్రవరి దాకానే ఆ చల్లదనం దొరుకుతుంది.

భాస్వరం సంగతి వేరు. మొక్క తీసుకునేది తక్కువే, కానీ అది మట్టిలో దాదాపు కదలదు. వేరు దాని దగ్గరికి వెళ్ళాల్సిందే. బంగాళాదుంప వేళ్ళు చాలావరకు పై అడుగు లోతు మట్టిలోనే ఉంటాయి. అందుకే మొక్కకు 30 కిలోలు చాలినా నేలకు అంతకు రెట్టింపో, ఎనిమిది రెట్లో వెయ్యాల్సి వస్తుంది. ఎన్ని రెట్లన్నది నేలను బట్టి ఉంటుంది.

ఎర్ర నేల, రేగడి, ఇసుక

ఆమ్లగుణం ఉన్న ఎర్ర నేలల్లో, జేగురు రాతి నేలల్లో ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు ఎక్కువ. వేసిన భాస్వరాన్ని అవి పట్టేసి కరగని రూపంలోకి మార్చేస్తాయి. నీలగిరుల్లో నాలుగు రెట్ల భాస్వరం వెనక ఉన్న ప్రధాన కారణం ఇదే. తెలంగాణలో ఆలుగడ్డకు పేరున్న జహీరాబాద్ ప్రాంతంలోనూ జేగురు నేలలున్నాయి. ఇలాంటి చోట భాస్వరాన్ని పొలమంతా వెదజల్లకుండా సాలులో, విత్తన దుంపకు కాస్త కింద, పక్కగా పడేలా వెయ్యాలి. మట్టితో కలిసే తావు తగ్గితే మొక్కకు మిగిలేది పెరుగుతుంది. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) బాగా పడిపోయిన నేలకు సున్నం వేస్తే పట్టు కొంత సడలుతుంది.

నల్లరేగడిలో బంకమట్టి పాలు ఎక్కువ. అది అమ్మోనియంను, పొటాష్‌ను పట్టి ఉంచుతుంది కాబట్టి పొటాష్‌కు సాధారణంగా కరువుండదు. ఇక్కడి కష్టం గాలి. తడి నిలిచిన రేగడిలో ఆక్సిజన్ తగ్గుతుంది. సూక్ష్మజీవులు నైట్రేట్‌ను వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి, దుంపలు కుళ్ళుతాయి. బోదెలు ఎత్తుగా చేసి, నీరు నిలవకుండా చూసి, పశువుల ఎరువుతో మట్టిని గుల్లబరిచాకే రసాయన ఎరువు గురించి ఆలోచించాలి.

ఇసుక నేల దుంపకు ఇష్టమే. సులువుగా ఊరుతుంది, శుభ్రంగా బయటికొస్తుంది. కానీ నీటితో పాటు నైట్రేట్ కిందికి దిగిపోతుంది. యూరియా అంతా ఒకేసారి వేస్తే చాలా భాగం భూగర్భ జలాల పాలు కావచ్చు. రెండు మూడు దఫాలుగా వెయ్యాలి, ఒక్కో తడికి ఇచ్చే నీరు తగ్గించాలి.

ద్వారక కింద ఏముంది?

పప్పన్‌కలాన్ పేరుతో మొదలైన ఈ ఉపనగరాన్ని ఢిల్లీ అభివృద్ధి సంస్థ పొలాల మీద కట్టింది. కాక్రోలా, బాగ్డోలా, పోచన్‌పూర్, భర్తల్ వంటి ఊళ్ళు ఇప్పటికీ సెక్టార్ల మధ్య ఉన్నాయి. ఢిల్లీ నేలలను పాతకాలం నుంచి నాలుగుగా చెప్పుకునేవారు. యమున ఒడ్డున ఖాదర్, మెట్టన ఉన్నది బాంగర్, నజఫ్‌గఢ్ చెరువు చుట్టూ ముంపు పల్లం డాబర్, రాతి గుట్టల నేల కోహీ. ద్వారకను ఆనుకుని పారే నజఫ్‌గఢ్ కాలువ ఒకప్పటి సాహిబీ నది దారి. అందువల్ల ఇక్కడిది ఒండ్రు. ఎక్కువగా ఇసుక కలిసిన గరప నేల, అక్కడక్కడ సున్నపు గులకలు. పీహెచ్ సాధారణంగా 7.5 నుంచి 8.5 మధ్య, అంటే క్షారం వైపు. సేంద్రియ కర్బనం తక్కువ, కాబట్టి నత్రజనీ తక్కువ. గంగా, యమునా ఒండ్రు బంకమట్టిలో ఇల్లైట్ అనే ఖనిజం ఎక్కువ. అందులో దాగిన పొటాషియం నెమ్మదిగా విడుదలవుతుంది. హెక్టారుకు 200 కిలోలు తోడుకునే పంటకు ఎకరానికి 25 కిలోల పొటాష్‌తో పంజాబ్‌లో సరిపెట్టగలగడానికి ఈ ఖనిజమూ, దానికి తోడు వేసే పశువుల ఎరువూ కారణం.

ఈ నేలలోనూ భాస్వరం బందీ అవుతుంది. ఇక్కడ పట్టేది ఇనుము కాదు, కాల్షియం. జింకు, ఇనుము కూడా క్షార నేలలో మొక్కకు అందవు. లేత ఆకులు చిన్నవై పైకి ముడుచుకుంటే జింకు లోపాన్ని, ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోతే ఇనుము లోపాన్ని అనుమానించాలి. ముదురు ఆకుల అంచులు మాడితే పొటాష్, కింది ఆకులు పూర్తిగా పసుపెక్కితే నత్రజని.

క్షార నేల మీద యూరియా చల్లి వదిలేస్తే అమ్మోనియాగా మారి ఎగిరిపోతుంది. మట్టిలో కప్పి వెంటనే నీరు పెట్టాలి. విత్తన దుంపకు తగిలేలా అసలే వెయ్యకూడదు, మొలక మాడుతుంది. అమ్మోనియం సల్ఫేట్ దొరికితే ఇక్కడికి ఇంకా మంచిది. అందులో 21 శాతం నత్రజనితో పాటు గంధకం ఉంటుంది, వేళ్ళ చుట్టూ క్షారాన్ని కాస్త తగ్గిస్తుంది.

బూడిద, సున్నం, ఆర్వో నీళ్ళు

ఇప్పుడు ఊరి అలవాట్ల దగ్గరికి వద్దాం. బూడిదలో పొటాష్ ఉంది, నిజమే. కానీ బూడిదా సున్నమూ పీహెచ్‌ను ఇంకా పెంచుతాయి. భాస్వరం, జింకు మరింత బిగుసుకుంటాయి. దుంపల తొక్క మీద గజ్జిలా పొక్కులు లేపే స్కాబ్ తెగులుకు కూడా క్షార నేలే అనుకూలం. దాన్ని కలిగించే స్ట్రెప్టోమైసిస్ సూక్ష్మజీవి 5.2 కన్నా తక్కువ పీహెచ్‌లో బాగా అణగుతుంది. పచ్చి పేడ కూడా దానికి బలమిస్తుంది. కాబట్టి ద్వారకలో బూడిద, సున్నం వద్దు. బాగా మాగిన ఎరువే వాడాలి. దుంప ఊరడం మొదలయ్యే రోజుల్లో మట్టి ఎండిపోకుండా చూసుకోవాలి. ఇల్లు కట్టిన చోటి మట్టి తెచ్చుకుంటే అందులో సిమెంటు పొడి కలిసి ఉండవచ్చు, అదీ క్షారమే.

అంతకన్నా పెద్ద ప్రమాదం నీళ్ళు. నైరుతి ఢిల్లీలో చాలాచోట్ల భూగర్భ జలం ఉప్పన. అందుకే ఇంటింటా ఆర్వో యంత్రాలు. వృథా చేయడం ఇష్టం లేక దాని వ్యర్థ జలాన్ని మొక్కలకు పోస్తుంటాం. మనసు మంచిదే. కానీ సగం నీటిని శుద్ధి చేసి సగం వదిలే యంత్రం, వచ్చిన ఉప్పులో దాదాపు అంతా ఆ వదిలిన సగంలోకే తోసేస్తుంది. అంటే ఉప్పదనం ఇంచుమించు రెట్టింపు. బంగాళాదుంప ఉప్పును అంతగా ఓర్చుకోదు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల ప్రకారం నీటి విద్యుత్ వాహకత మీటరుకు 1.1 డెసీసీమెన్స్, అంటే లీటరుకు సుమారు 700 మిల్లీగ్రాముల లవణాలు దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. 2.5కు చేరితే పాతిక శాతం పోతుంది. రసాయన ఎరువూ లవణమే కాబట్టి ఉప్పు మట్టిలో అదనపు ఎరువు వేస్తే మొక్క ఇంకా ఎండుతుంది. ఆ నీటిని నేల తుడవడానికి వాడుకుని, దుంపలకు వాననీరో మామూలు కుళాయి నీరో పోయడం మంచిది.

చదరపు మీటరు లెక్క

ఎకరం సిఫార్సును మిద్దె మీదికి దించుదాం. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు. 75 కిలోల నత్రజని అంటే 46 శాతం యూరియాలో 163 కిలోలు. చదరపు మీటరుకు 40 గ్రాములు. 25 కిలోల భాస్వరానికి 16 శాతం సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 156 కిలోలు. మీటరుకు 39 గ్రాములు. 25 కిలోల పొటాష్‌కు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 42 కిలోలు. మీటరుకు 10 గ్రాములు. వీటితో పాటు ఎకరానికి 20 టన్నుల పశువుల ఎరువు, అంటే మీటరుకు 5 కిలోలు.

60 సెంటీమీటర్ల వరసల్లో 20 సెంటీమీటర్ల ఎడంతో నాటితే చదరపు మీటరుకు ఎనిమిది మొక్కలు వస్తాయి. ఒక్కో మొక్కకు యూరియా 5 గ్రాములు, సూపర్ 5 గ్రాములు, మ్యూరేట్ గ్రాముకు కాస్త పైన, మాగిన ఎరువు 600 గ్రాములు. సూపర్, మ్యూరేట్ మొత్తం, యూరియా సగం నాటేటప్పుడు వెయ్యాలి. మిగతా యూరియా 25–30 రోజులకు మట్టి ఎగదోసేటప్పుడు. ఇది హద్దు అనుకోండి. వర్మీ కంపోస్టు దండిగా కలిపిన సంచిలో యూరియా ఇంకా తగ్గించాలి.

మట్టినే అడగండి

ఈ అంకెలన్నీ సగటు నేలకు. మీ మట్టి సగటు కాకపోవచ్చు. పొలమో పెరడో అయితే వంకర టింకరగా పదీ పదిహేను చోట్ల 15 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తీసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు వదిలేస్తూ అర కిలో మిగుల్చుకోవాలి. ద్వారకకు దగ్గరలోని ఉజ్వాలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. 1936 నుంచి ఢిల్లీలో ఉన్న పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థ మట్టి పరీక్ష, ఎరువుల సిఫార్సు రెండూ చేసే చిన్న యంత్రాన్నే రూపొందించింది. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకం ఉద్దేశమూ ఇదే. పీహెచ్, లవణీయత, సేంద్రియ కర్బనం, భాస్వరం, పొటాష్, జింకు అనే ఆరు అంకెలు చేతికొస్తే ఏ సంచి కొనాలో, ఏది కొనక్కర్లేదో తేలిపోతుంది.

నాటేది అక్టోబరులో. కాబట్టి మట్టి నమూనా సెప్టెంబరులోనే ఇవ్వాలి. దుంపకు ఎరువు వెయ్యడంలో మొదటి పని అదే, మిగతావన్నీ దాని తర్వాతే.