గుడిసె, దీపము, పలకరించే మనిషి

కళ్లెదుట ఇల్లు తగలబడుతుంటే ప్రాణాలు అరచేతబట్టుకొని పరుగెత్తిన మనిషికి ఆరు నెలలు గడిచినా నిద్ర పట్టడము లేదంటే, ఆ రోజు చూసినదానివలననే అని మనము అనుకుంటాము. అది నిజమే గాని, సగము నిజము. పారిపోయి చేరుకున్న చోట అతడు ఎలా బ్రతుకుతున్నాడన్నది మిగిలిన సగము. బంగ్లాదేశ్‌లోని రోహింగ్యా శరణార్థుల సంగతి చూస్తే ఇది బాగా తెలుస్తుంది.

2017 ఆగస్టు 25 తరువాత కొద్ది నెలల్లోనే ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రమును విడిచి కాక్స్ బజార్ జిల్లాకు చేరారు. 1978లోను, 1991-92లోను ఇలాగే వచ్చినవారున్నారు. కుటుపాలంగ్ ప్రాంతములో అడవి కొట్టేసిన గుట్టల మీద వెదుళ్లతో, టార్పాలిన్ పట్టాలతో గుడిసెలు వేసుకున్నారు. ఎండకాలము లోపల ఉడికిపోతుంది, వానకాలము గుట్ట మట్టి జారుతుంది. 2021 మార్చి 22న నిప్పంటుకొని సుమారు 45 వేలమంది మళ్లీ నిలువ నీడ లేనివారయ్యారు. చుట్టూ వేసిన ముళ్లకంచె వలన తప్పించుకోవడము కష్టమయిందని బయటపడినవారు చెప్పారు. ఒకసారి కాలిన ఇంటిని మరచిపోదామనుకునేవారికి ఇది రెండవసారి!

మరుగుదొడ్డి దూరము, దారిలో దీపము లేదు. అందుచేత చాలామంది స్త్రీలు సాయంత్రమైతే నీళ్లు త్రాగడమే తగ్గించుకున్నారు. ఈ బాధ ఏమిటో మన పల్లెల్లోని తల్లులకు మేము వివరించనక్కరలేదు. ఆ భయము రాత్రితో పోదు, ఒంట్లో నిలిచిపోతుంది.

ఇక మగవారి సంగతి. సొంత ఊళ్లో పొలము దున్నినవాడు, వల వేసినవాడు ఇక్కడ శిబిరము దాటి పనికి వెళ్లడానికి వీలులేదు. రేషను వరుసలో నిలబడడమే పని. మనిషికి నెలకు 12 డాలర్లుగా ఉన్న ఆహార సహాయము 2023 జూన్ నాటికి 8 డాలర్లకు దిగజారింది. మన లెక్కలో రోజుకు సుమారు 22 రూపాయలు! మరుసటి సంవత్సరము పెంచారు గాని, ఆ నెలల్లో బిడ్డ ఆకలని ఏడిస్తే తండ్రి మనసు ఏమయి ఉంటుంది?

ఈ పెద్ద వలసకు ముందే అక్కడి పాత శిబిరాలలోని 148 మందిని ప్రశ్నించి చేసిన ఒక పరిశోధన 2017లో అచ్చయింది. తిండి చాలకపోవడము, కదలడానికి స్వేచ్ఛ లేకపోవడము, భద్రత లేదన్న భయము, ఈ రోజువారి కష్టాలే గతములోని హింసను నేటి కుంగుబాటుగా మారుస్తున్నాయని అందులో తేలింది. 2005లో అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసినవారు కూడ, స్థిరమైన సొంత నివాసము, సంపాదనకు అవకాశము ఉన్న శరణార్థుల మనసు మెరుగ్గా ఉన్నదని చెప్పారు. కాబట్టి బియ్యము, దీపము, పని కూడ మనసుకు వైద్యమేనని మా అభిప్రాయము. అలాగని మందులు అక్కరలేదని కాదు. జబ్బు ముదిరినవారిని డాక్టరుకు చూపించాలి. “ధైర్యము తెచ్చుకో” అని చెప్పి పంపితే సరిపోదు.

మనసు బాగులేదని చెప్పడానికి రోహింగ్యా భాషలో ‘ఒశాంతి’ అంటారు. మన అశాంతియే! డాక్టర్లు వాడే పేర్లు వారికి అర్థము కాకపోయినా, ఈ మాటతో అడిగితే నోరు విప్పుతారు. అందుకే శరణార్థులలోనే కొందరికి శిక్షణ ఇచ్చి గుడిసె గుడిసెకు పంపారు. పిల్లలు తమ భాషలోని పాటలు పాడుకొని ఆడుకునేందుకు బ్రాక్ సంస్థ ఆట కేంద్రాలు పెట్టింది. స్త్రీలు కలిసి కూర్చొని గుడ్డ మీద సొంత ఊరి బొమ్మలు కుట్టారు. చూసేవారికి ఇవి చిన్న పనులే. ఊరు, చుట్టాలు చెల్లాచెదరైనవారికి మాత్రము, సాయంత్రము ఫలానావారు నా కోసము చూస్తుంటారు అన్నది చిన్న సంగతి కాదు.

రోహింగ్యాలు కొన్ని వేలమంది మన హైదరాబాదులోను, ముఖ్యముగా బాలాపూర్ వైపు ఉంటున్నారు. చిత్తుకాగితాలు ఏరుకొని, కూలి చేసుకొని బ్రతుకుతున్నారు. ఇక్కడ ముళ్లకంచె లేదు, పని దొరుకుతుంది. అయితే 1951 నాటి శరణార్థుల ఒప్పందము మీద మన దేశము సంతకము చేయలేదు. చేతిలో ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డు ఉన్నా ఆధార్ అడిగినచోట అది చెల్లదు. ఎప్పుడు ఎవరు పట్టుకుపోతారోనన్న దిగులు వదలదు. పురిటి నొప్పులు వచ్చిన స్త్రీని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొనిపోతే అక్కడ తెలుగులో అడిగినదానికి జవాబు చెప్పలేరు. ఆ వేళకు పక్కింటి మనిషి ఒకరు వెంట వెళ్లి చీటీ రాయించినా చాలు, ఆ ఇంటివారికి ఆ రాత్రి కొంత నిద్ర పడుతుంది.