ఫ్రెండ్‌కి ఇచ్చిన గొలుసు కుదువకు పోతే ఏం చేయాలి?

ఈ ఎపిసోడ్‌లో స్నేహం, బంగారం, మోసం గురించి మాట్లాడుకుందాం.

మన కడప, కర్నూలు వైపు బంగారం అంటే ముందు గుర్తొచ్చేది ప్రొద్దుటూరు. కలిగినోళ్ల ఇళ్లలో కూతురు కాలేజీకొచ్చేసరికే తన పేరు మీద నగలుంటాయి. కాలేజీ డేకి, ఫేర్‌వెల్‌కి ఒకరి నగలు ఒకరు పెట్టుకోవడం కూడా మామూలే.

ఇప్పుడు ఇలా అనుకుందాం. మీ గ్యాంగ్‌లో ఒకమ్మాయి వాళ్ల నాన్న వ్యాపారం దెబ్బతింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ట్రీట్లు, ట్రిప్పులు మాత్రం అందరితో సమానంగా చేయాలి. "ఫంక్షనుంది, రెండ్రోజుల్లో ఇస్తా" అని మీ మూడు తులాల గొలుసు తీసుకుని గోల్డ్ లోన్‌లో పెట్టేసింది. మీరు ఇంట్లో చెప్పలేరు, ఆమెను గట్టిగా అడగనూ లేరు.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోండి. డబ్బు అప్పుగా ఇస్తే, తిరిగి ఇవ్వకపోవడం ఎక్కువగా సివిల్ గొడవే. దావా వేయడానికి మామూలుగా 3 ఏళ్ల గడువుంటుంది. కానీ పెట్టుకోమని ఇచ్చిన నగను మీకు తెలియకుండా కుదువ పెడితే అది నేరపూరిత నమ్మకద్రోహం కిందికి వస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇది సెక్షన్ 316. 5 ఏళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఆలస్యం చేస్తే నష్టం మీకే. లోన్ కట్టకపోతే నగను వేలం వేస్తారు. నోటీసు వెళ్లేది లోన్ తీసుకున్న ఆమెకు, మీకు కాదు!

మరి గొలుసు మీదేనని ఎట్లా చూపిస్తారు? బిల్లు దాచుకోండి. కొత్త హాల్‌మార్క్ నగల మీద హెచ్‌యూఐడీ అని 6 అక్షరాలు, అంకెల కోడ్ ఉంటుంది. ఒక్కో నగకు ఒక్కో కోడ్. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో చెక్ చేసి స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. పాత నగైతే బరువు రాసుకుని ఫొటో తీసుకోండి. ఇచ్చేటప్పుడు "గొలుసు ఇచ్చాను, ఆదివారం కావాలి" అని వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ చేయండి. గొడవైనా ఆ చాట్ డిలీట్ చేయొద్దు.

విషయం తెలిసిన రోజే అమ్మకు చెప్పండి. తిట్లు పడతాయి, పడనీయండి. రెండు ఇళ్ల పెద్దలు కూర్చుంటే చాలాసార్లు నగ బయటికొస్తుంది. రాకపోతే పోలీస్ స్టేషన్ ఉండనే ఉంది.

ఇంకొక్క మాట. "ఈసారి నా దగ్గర డబ్బుల్లేవు, నేను రాను" అని ఒకమ్మాయి మీ గ్యాంగ్‌లో ధైర్యంగా చెప్పగలదా? ఒకసారి ఆలోచించండి.