ఊపిరి బిగబట్టే ముందు

ఛాతీ ఎక్స్‌రేకి వెళ్లిన ఆడవాళ్లకు గదిలో వినబడే మొదటి మాట వింతగా ఉంటుంది. ‘జడ పైకి ముడేసుకోండమ్మా!’ ఊపిరితిత్తులకూ జడకూ ఏమిటి సంబంధం? ఉంది. భుజం మీదుగా వేలాడే బిగుతైన జడ, ఫిల్మ్ మీద ఊపిరితిత్తి పై కొసన తెల్లటి మచ్చలా పడుతుంది. క్షయ ఎక్కువగా గూడు కట్టుకునే చోటూ సరిగ్గా ఆ పై కొసే. గట్టిగా అల్లిన జడ ఒకటి, లేని జబ్బును కాసేపు ఉన్నట్టు చూపించగలదన్నమాట. అనుభవమున్న రేడియాలజిస్టు పోల్చుకుంటారు. ఫిల్మ్‌ను ఆయన దాకా పోనివ్వకుండా కిటికీ వెలుగులో పెట్టి చూసి ‘ఇక్కడేదో ఉందే’ అనేసే బంధువుకు ఆ సంగతి తెలియదు.

ఎక్స్‌రే అంటే నీడ, అంతే. కిరణాల దారిలో ఏది అడ్డొస్తే దాని నీడ పడుతుంది. అది ఎముకా, గొలుసా, జాకెట్టు హుక్కా అని కిరణం అడగదు. 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఈ కిరణాలను కనిపెట్టాడు. అదే ఏడాది డిసెంబరు 22న భార్య చేతిని చిత్రం తీశాడు. ఆ చిత్రంలో ఎముకలకన్నా ముందు కంటబడేది వేలికున్న ఉంగరం. లోకంలో అంత పేరుపొందిన ఎక్స్‌రేలోనే నగ తీయించలేదు! ఇప్పుడు మాత్రం తీయాల్సిందే. ఛాతీకైతే గొలుసులు, నల్లపూసలు, మెడలో తాయెత్తు. తుంటికో పొట్టకో అయితే మొలతాడు, దానికున్న వెండి బిళ్ల. తలకైతే క్లిప్పులు, కమ్మలు, కట్టుడు పళ్లు. పుస్తెలు తీయడానికి మనసొప్పనివాళ్లు ఆ పూటకు ఒట్టి పసుపుతాడు వేసుకుని వెళ్తే సరిపోతుంది. దారం కిరణాలకు లెక్కలోది కాదు. ఈ సంగతి ఇంటి దగ్గరే తెలిసుంటే గది గుమ్మంలో అత్తాకోడళ్ల తర్జనభర్జన తప్పుతుంది.

‘గాలి గట్టిగా పీల్చండి... బిగబట్టండి’ అనడానికీ కారణముంది. సగం గాలితో ఉన్న ఊపిరితిత్తులు మసకగా పడతాయి, గుండె ఉన్నదానికన్నా వెడల్పుగా కనిపిస్తుంది. ఛాతీని పలకకు ఆనించి, యంత్రానికి వీపు చూపించి నిలబడమనేది కూడా గుండె కోసమే. గుండె ఉండేది రొమ్ము వైపు. పలకకు దగ్గరగా ఉంటే నీడ సాగదు. లేవలేని రోగికి మంచం మీదే తీస్తారు కాబట్టి అక్కడ కిరణాలు ముందునుంచి పడి గుండె పెద్దదిగా కనిపిస్తుంది. ఐసీయూ ఫిల్మ్ రిపోర్టులో ‘గుండె పెరిగింది’ అన్న ముక్క చదివి ఇల్లంతా ఏడవడానికి ముందు, అది నిలబెట్టి తీసిందా పడుకోబెట్టి తీసిందా అని ఒక్క మాట అడగాలి. మోకాళ్ల దగ్గర ఇది తిరగబడుతుంది. అరిగిన కీలు పడుకుంటే బాగానే కనిపిస్తుంది. ఒంటి బరువు పడితేనే సందు ఎంత తగ్గిందో బయటపడుతుంది. అందుకే అరుగుదల చూడాలంటే నిలబెట్టి తీస్తారు. నొప్పిగా ఉందని బల్లమీద పడుకుని తీయించుకుంటే సగం సమాచారం పోయినట్టే.

ఇక భయం సంగతి. ‘రేడియేషన్ కదా, ఏమీ కాదా?’ ఈ ప్రశ్న తప్పేమీ కాదు. ఆ భయానికి పునాది ఉంది. తొలినాళ్లలో ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ ఎక్స్‌రే గొట్టాలను తన చేతులు అడ్డుపెట్టి పరీక్షించేవాడు. చేతులు పుళ్లు పడ్డాయి, కోసేయాల్సి వచ్చింది, 1904లో ప్రాణమే పోయింది. ఎడిసన్ ఆ పని జోలికి మళ్లీ వెళ్లలేదు. డాలీ మీద పడింది ఏళ్ల తరబడి, రోజూ, లెక్కాపత్రం లేకుండా పడిన మోతాదు. ఈనాడు మన మీద పడేదానికి లెక్కుంది, దాన్ని మిల్లీసీవర్టుల్లో చెబుతారు. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనిషి మీద సహజంగా ఏడాదికి పడే రేడియేషన్ ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. ఛాతీ ఫిల్మ్ ఒకటి 0.02 నుంచి 0.1 దాకా. అంటే ఊరికే బతికినా మూడు రోజుల నుంచి రెండు వారాల్లో పడేదే. చెయ్యి, పాదం ఫిల్ములైతే ఇంకా నామమాత్రం.

నడుము ఎక్స్‌రే దగ్గరకు వస్తే లెక్క మారిపోతుంది. అది ఒకటి, ఒకటిన్నర మిల్లీసీవర్టు దాకా వెళ్తుంది. ఐదు నుంచి ఏడున్నర నెలల సహజ రేడియేషన్ ఒక్క పూటలో. పొట్టంతా దాటి వెన్నెముకను చేరాలి కాబట్టి కిరణాలు ఎక్కువ కావాలి. దారిలో పేగులు, ఆడవాళ్లకైతే అండాశయాలు ఉంటాయి. పొట్ట సీటీ స్కాన్ అయితే సుమారు 8 మిల్లీసీవర్టులు, యంత్రాన్నిబట్టి ఇంకొంచెం అటూఇటూ. ఇక్కడే మన అలవాటులోని తిరకాసు కనిపిస్తుంది. ‘దగ్గు రెండు వారాల నుంచి తగ్గలేదు, ఛాతీ ఫిల్మ్ తీయిద్దాం’ అంటే రేడియేషన్ గుర్తుకొచ్చి వెనకాడతాం. నడుం పట్టేసిందంటే మాత్రం మనమే ‘డాక్టరుగారూ, ఒక ఎక్స్‌రే తీయించరా?’ అని పట్టుబడతాం. రాయని డాక్టరుకు ఏమీ తెలియదని తేల్చేస్తాం. భయపడాల్సిన చోట ధైర్యం, ధైర్యపడాల్సిన చోట భయం!

నడుం నొప్పుల్లో చాలా భాగం కండరాలవి, డిస్కులవి. డిస్కు ఎక్స్‌రేలో పడదు. నరం పడదు, లిగమెంటు పడదు. నలభై దాటిన నడుములో ఎముక కొసలు కాస్త పెరిగి ఉండటం నొప్పి ఉన్నవాళ్లలోనూ కనిపిస్తుంది, లేనివాళ్లలోనూ కనిపిస్తుంది. రిపోర్టులో ‘అరుగుదల’ అని చదివిన మరుక్షణం నుంచి మనిషి వంగడం మానేస్తాడు. ఫిల్మ్ చేసిన మేలేమీ లేదు, భయం మాత్రం మిగిల్చింది. అందుకే ప్రమాద సంకేతాలేవీ లేని కొత్త నడుం నొప్పికి మొదటి ఆరు వారాలూ ఫిల్మ్ అక్కర్లేదని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. సంకేతాలంటే: జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉండటం, కింద పడటం, తొడల మధ్య తిమ్మిరి, మలమూత్రాల మీద పట్టు తప్పడం. వీటిలో ఏదున్నా ఆరు వారాలు కాదు, ఆరు గంటలైనా ఆగకుండా డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. అప్పుడు కూడా అవసరపడేది ఎక్స్‌రే కాక ఎంఆర్ఐ కావచ్చు. దాంట్లో ఎక్స్ కిరణాలు ఉండవు, అల్ట్రాసౌండ్‌లోనూ ఉండవు. అన్నింటినీ కలిపి ‘స్కానింగ్ రేడియేషన్’ అనేయడం మనకు అలవాటైపోయింది.

ఫిల్మ్ బాగుందంటే దెబ్బ లేదనీ కాదు. బండి మీంచి పడి అరచెయ్యి నేలకు ఆనించినవాళ్లకు మణికట్టులో స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లుతుంది. మొదటి రోజు ఫిల్మ్‌లో అది దొరక్కపోవచ్చు. పదిరోజులో రెండు వారాలో ఆగి మళ్లీ తీస్తే గీత తేలుతుంది. ఆ రెండో ఫిల్మ్ దోపిడీ కాదు. బొటనవేలి మొదట్లో గుంట దగ్గర నొక్కితే నొప్పి ఉన్నా ‘ఏం లేదన్నారు’ అని కట్టు విప్పేసుకున్నవాళ్లు తర్వాత ఎముక అతుక్కోక అవస్థ పడతారు.

సీటీ మోతాదు మీద మన దేశంలో బాహాటంగా జరిగిన గొడవ ఒకటి గుర్తుచేయాలి. 2021 మే మొదట్లో, కొవిడ్ రెండో అల నడుమ, ఎయిమ్స్ డైరెక్టర్ డాక్టర్ రణదీప్ గులేరియా ఒక సీటీ స్కాన్ 300-400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని హెచ్చరించారు. రేడియాలజిస్టుల సంఘం భగ్గుమంది. అది పాతకాలపు యంత్రాల లెక్క, ఇప్పటి తక్కువ మోతాదు సీటీ ఐదు నుంచి పది ఎక్స్‌రేలకు మించదని వాదించింది. ఊళ్లలో అప్పుడు పలకరింపే ‘సీటీ స్కోర్ ఎంతొచ్చింది?’ అన్నట్టుండేది. గులేరియా, సంఘం చెప్పిన అంకెల మధ్య అంత దూరం ఎందుకంటే, మోతాదు యంత్రాన్నిబట్టి, దాన్ని ఎలా అమర్చారన్నదాన్నిబట్టి పదింతలు మారగలదు. కానీ ఏ లక్షణాలూ లేనివాళ్లు క్యూ కట్టి సీటీలు తీయించుకోవడం మీద గులేరియా అన్నది సబబేనని నా అభిప్రాయం. అంకె కాస్త పెద్దదైనా మాట తప్పు కాదు.

కిరణాలు ఒంట్లో ఉండిపోతాయన్న అపోహ ఇంకా పోలేదు. ఎక్స్‌రే తీయించుకున్న ఒంట్లో ఏమీ నిలవ ఉండదు. స్విచ్ ఆపగానే లైటు వెలుగు గదిలో మిగలనట్టే కిరణమూ మిగలదు. తీయించుకుని వచ్చిన తల్లి వెంటనే పిల్లకు పాలివ్వచ్చు.

గర్భం విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. నెల తప్పిందన్న అనుమానం ఉన్నా గదిలోకి వెళ్లే ముందే చెప్పాలి, పక్కన మామగారున్నా సరే. లింగనిర్ధారణ చేయబోమని స్కానింగ్ కేంద్రాల్లో ఉండే బోర్డును అందరం చూస్తాం. గర్భిణులు ముందుగా చెప్పాలన్న ఎక్స్‌రే గది బోర్డు మాత్రం ఎవరి కంటా పడదు. 1956లో ఇంగ్లండులో ఆలిస్ స్టీవర్ట్ అనే వైద్యురాలు, గర్భంలో ఉండగా ఎక్స్‌రేలు పడిన పిల్లల్లో క్యాన్సర్లు ఎక్కువని చూపించాక, కాన్పుకు ముందు కటి ఎముకలు కొలవడానికి ఎక్స్‌రే తీసే అలవాటు క్రమంగా సన్నగిల్లింది. అయితే చెయ్యి విరిగిన గర్భిణికో, క్షయ అనుమానమున్న గర్భిణికో ఫిల్మ్ తీయకపోవడమే అపాయం. ఆ ఫిల్ముల్లో పొట్టలోని బిడ్డను చేరేది లెక్కలోకి రానంత. పొట్ట, నడుము, తుంటి ఫిల్ములైతే వాయిదా వేయొచ్చా, అల్ట్రాసౌండ్‌తో సరిపెట్టొచ్చా అని డాక్టరు ఆలోచిస్తారు. తెలియక తీయించుకున్నామని గర్భం తీయించేసుకునేవాళ్లున్నారు. అవయవ లోపాల భయం మొదలయ్యేది బిడ్డకు 100 మిల్లీగ్రేల (ఎక్స్‌రేల్లో దాదాపు 100 మిల్లీసీవర్టుల) మోతాదు దాటాకే. మామూలు ఎక్స్‌రేలు దాని దరిదాపుల్లోకి రావు. రేడియాలజిస్టు చేత లెక్క వేయించకుండా ఆ నిర్ణయం తీసుకోకూడదు.

సీసం ఏప్రాన్ వేయలేదని టెక్నీషియన్‌తో తగాదా పడేవాళ్లకు కొత్త కబురు. రోగి పొత్తికడుపును మామూలుగా కప్పే ఆ పాత పద్ధతిని మానేయమని అమెరికాలో వైద్య భౌతికశాస్త్రవేత్తల సంఘం 2019లో, రేడియేషన్ రక్షణ మండలి 2021లో చెప్పాయి. ఏప్రాన్ జరిగి చూడాల్సిన భాగాన్నే కప్పేస్తుంది. కిరణాలను తనంతట తానే సర్దుకునే కొత్త యంత్రం, ఏదో అడ్డముందనుకుని మోతాదు పెంచేస్తుంది. కదిలే పిల్లాణ్ని పట్టుకోవడానికి లోపల నిలబడిన తండ్రికి మాత్రం ఏప్రాన్ వేయాల్సిందే. ఆ పని గర్భిణి చేయకూడదు. తోడొచ్చిన నలుగురూ లోపల ఉండక్కర్లేదు. తలుపు తెరిచే ఫిల్మ్ తీస్తుంటే, మీటనొక్కే మనిషి అడ్డుగోడ వెనక్కి వెళ్లకపోతే, ఆ కేంద్రం నుంచి బయటికి రావడం మేలు. అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు లేకుండా ఎక్స్‌రే యంత్రం నడపకూడదు. ఉందా అని అడగడం మన హక్కు.

రంగు మందు ఎక్కించి తీసేవైతే సంగతి వేరు. అయోడిన్ మందుకు ఇదివరకు దద్దుర్లో ఆయాసమో వచ్చిందా, కిడ్నీ జబ్బు ఉందా, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా అన్నవి ముందే చెప్పాలి. ఎన్ని గంటలు పస్తుండాలో రాసిచ్చిన కాగితం చూసుకోవాలి.

తీయించుకోవాల్సిన ఫిల్మ్ విలువ తెలియాలంటే 2019-21 నాటి జాతీయ క్షయ సర్వే చూడాలి. లక్షణాలు అడిగి ఊరుకుని, ఛాతీ ఎక్స్‌రే తీయకపోయి ఉంటే 42.6 శాతం కేసులు చేజారేవని అది తేల్చింది. దగ్గు లేదు, జ్వరం లేదు, జబ్బు మాత్రం ఉంది. మన నేల మీద ఇంకో రుజువు, తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్. 1937లో నెల్లూరు జిల్లా పల్లెల నుంచి ఆ జబ్బు గురించి తొలి నివేదిక వచ్చింది. 1955లో నల్గొండ జిల్లా రోగుల మీద సిద్దిఖీ అనే పరిశోధకుడి వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ముంజేతి రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి ఫిల్మ్ మీద తెల్లగా తేలితే, ఆ మనిషి తాగిన నీళ్ల చరిత్ర డాక్టరుకు అర్థమైపోతుంది. ఏ రక్తపరీక్షా అంత తేటగా చెప్పదు.

కాబట్టి బేరం పెట్టాల్సింది రేడియేషన్ దగ్గర కాదు, ఈ ప్రశ్న దగ్గర. ‘డాక్టరుగారూ, ఇందులో ఏమైనా కనబడితే వైద్యం మారుతుందా? ఏమీ కనబడకపోతే మారుతుందా?’ రెండింటికీ ‘మారదు’ అని జవాబొస్తే ఆ చీటీ దేనికి? కొన్ని చీటీల వెనక వాటాలుంటాయన్నది బహిరంగ రహస్యం. రోగిని పంపినందుకు కమీషన్ పుచ్చుకోవడాన్ని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి నిషేధించింది. నిషేధించాల్సి వచ్చిందంటేనే సంగతి అర్థమవుతోంది కదా. ఈ ప్రశ్నకు చిరాకుపడే డాక్టర్లూ ఉంటారు, కూర్చోబెట్టి చెప్పేవాళ్లూ ఉంటారు. రెండో రకం వాళ్ల దగ్గరకే మళ్లీ వెళ్లండి.

పాత ఫిల్ములు పారేయకండి. వాటిలోని వెండి కోసం పాత సామాన్లవాళ్లు కొనుక్కుపోతారు. మీకొచ్చే ఆ పది రూపాయలకన్నా, మూడేళ్ల కిందటి ఛాతీ ఫిల్మ్‌లోనూ అదే మచ్చ అదే సైజులో ఉందని తెలియడం ఎంతో విలువైంది. ఒక సీటీని, ఒక్కోసారి ఒక సూదిపరీక్షను అది తప్పిస్తుంది. ఇప్పుడు ఫిల్మ్‌ను సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం రివాజైంది. ఆ ఫొటోలో సన్నని చీలికలు మాయమవుతాయి. కేంద్రంవాళ్లను సీడీగానో లింకుగానో అసలు ఫైలే ఇమ్మనండి. కవరు మీద తేదీ రాసి పెట్టుకోండి.